బావ చీటింగ్ చేయట్లేదు తమ్ముడూ

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు బ్రాడీపేట. బీటెక్ సెకండియర్ చదువుతున్నాను. మా బావ వాళ్లది విజయవాడ పటమట. ఇద్దరం పోకెమాన్ షోడౌన్‌లో, అంటే ఆన్‌లైన్‌లో పోకెమాన్ పోటీలు ఆడే సైట్‌లో, సింగిల్స్ (ఒకదానితో ఒకటి తలపడేవి) ఆడతాం, తొమ్మిదో జనరేషన్ ఓయూ ఫార్మాట్ (మరీ బలమైనవాటిని నిషేధించిన పోటీ). నా టీమ్ చారిజార్డ్, గార్చాంప్, డ్రాగనైట్, సాలమెన్స్, గ్యారడాస్, టైరానిటార్. అన్నీ గట్టివే. బావ టీమ్ చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. గులాబీ రంగు క్లెఫేబుల్, మొద్దు మొహం స్లోకింగ్, కార్విక్‌నైట్, గ్రేట్ టస్క్, గోల్డెంగో, వీవైల్. అయినా ఆదివారం అత్తయ్య వాళ్లింటికి వెళ్తే చాలు, నేను ఓడిపోవడం, బావ భోజనాల దగ్గర అందరికీ చెప్పి నవ్వడం. మొన్న గ్యారడాస్‌తో మూడుసార్లు డ్రాగన్ డాన్స్ (అటాక్, స్పీడ్ పెంచే మూవ్) చేసి కొట్టినా క్లెఫేబుల్ చావలేదు. ఏదో చీటింగ్ చేస్తున్నాడని నా అనుమానం. నా స్టోన్ ఎడ్జ్ దెబ్బ మాత్రం సరిగ్గా అవసరమైనప్పుడే మిస్సవుతుంది. లెజెండరీలు (మ్యూటూ లాంటి అరుదైన, బలమైన పోకెమాన్‌లు) పెట్టుకోనా? బావ టీమే కాపీ కొట్టనా? వచ్చే నెల నుంచి డబుల్స్ (రెండేసి పోకెమాన్‌లు తలపడేవి) ఆడదామని కూడా అంటున్నాడు. చారిజార్డ్‌ని తీసెయ్యమని మాత్రం చెప్పకక్కా, చిన్నప్పటి నుంచీ ప్రాణం.

జవాబు: ముందు మీ బావ మీద పడ్డ నింద తీసేద్దాం. క్లెఫేబుల్‌కి ‘అనవేర్’ అనే ఎబిలిటీ, అంటే పోకెమాన్‌కి ఉండే ప్రత్యేక గుణం, పెట్టుకోవచ్చు. అది ఉన్నప్పుడు ఎదుటి పోకెమాన్ ఎంత బలం పెంచుకున్నా, దెబ్బ లెక్కలో ఆ పెంపు పరిగణనలోకి రాదు. మూడు డ్రాగన్ డాన్సులతో నీ గ్యారడాస్ అటాక్ రెండున్నర రెట్లయింది, నిజమే. క్లెఫేబుల్‌కి మాత్రం డాన్స్ చేయని గ్యారడాస్ కొట్టినట్టే తగిలింది. నువ్వు మూడు టర్నులు అలా ఖర్చు పెడుతుంటే అది మూన్‌లైట్‌తో ప్రాణం నింపుకుంటూ కూర్చుంది. చీటింగేమీ లేదు. ఎదుటివాళ్ల పోకెమాన్ మీద కర్సర్ పెడితే దానికి ఉండగల ఎబిలిటీలన్నీ షోడౌన్‌లోనే కనిపిస్తాయి. ఇకమీదట మ్యాచ్ మొదట్లో ఆరూ తెరమీద కనిపించినప్పుడు ఆ పని చెయ్యి. ఫోన్లో అయితే వేలితో నొక్కి పట్టుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు నీ టీమ్ సంగతి. గార్చాంప్, డ్రాగనైట్, సాలమెన్స్, టైరానిటార్ నాలుగింటికీ బేస్ స్టాట్స్ (పుట్టుకతో ఉన్న బలం, వేగం లాంటి అంకెలు) మొత్తం 600. మీ బావ క్లెఫేబుల్‌ది 483. ఆ అంకెలు చూసే నువ్వు ధైర్యంగా ఉన్నట్టున్నావు. ఒక కాగితం తీసుకుని ఆరు పేర్లు నిలువుగా రాసి, పక్కన మంచు టైప్ దెబ్బ ఒక్కోదానికి ఎంత తగులుతుందో రాసి చూడు. గార్చాంప్‌కి నాలుగు రెట్లు. డ్రాగనైట్‌కి నాలుగు రెట్లు. సాలమెన్స్‌కీ నాలుగే. మిగిలిన చారిజార్డ్, గ్యారడాస్, టైరానిటార్‌లకి మామూలుగా ఒక రెట్టు. అంటే మంచు దెబ్బని సగానికి తగ్గించుకుని నిలబడగలిగేది నీ ఆరింట్లో ఒక్కటి కూడా లేదు. వీవైల్ లోపలికి వచ్చిందంటే నువ్వు ఎవర్ని పంపినా నష్టమే, ఎవర్ని పోగొట్టుకోవాలో ఎంచుకోవడమే నీకు మిగిలింది. టైరానిటార్ ఆదుకుంటుందనుకుంటావేమో, దాని బరువు 202 కిలోలు. బరువును బట్టి బలం పెరిగే లో కిక్ అనే మూవ్ వీవైల్‌కి ఉంటుంది, అది టైరానిటార్‌కి నాలుగు రెట్లు తగులుతుంది.

ఇక స్పీడ్. నీ ఆరింట్లో అన్నిటికంటే వేగమైనది గార్చాంప్, దాని బేస్ స్పీడ్ 102. వీవైల్‌ది 125. పైగా డ్రాగనైట్ నిండు ప్రాణంతో ఉన్నప్పుడు దెబ్బను సగం చేసే మల్టీస్కేల్ కూడా వీవైల్ ముందు పెద్దగా పనిచేయదు. దాని ట్రిపుల్ ఆక్సెల్ మూడుసార్లు తగిలే మూవ్, మల్టీస్కేల్ మొదటి దెబ్బనే తగ్గిస్తుంది.

ఇదే కాగితం మీద రాయి టైప్‌కి కూడా లెక్క వేస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. గ్రేట్ టస్క్ మొదటి టర్నులోనే స్టెల్త్ రాక్, అంటే నీ వైపు రాళ్లు పరిచే మూవ్, వేస్తుందని ఊహిస్తున్నాను. మామూలు పోకెమాన్ లోపలికి వచ్చిన ప్రతిసారీ ఆ రాళ్ల వల్ల 12.5 శాతం ప్రాణం పోతుంది. డ్రాగనైట్, సాలమెన్స్, గ్యారడాస్‌లకు 25 శాతం. చారిజార్డ్‌కి సరిగ్గా సగం. అంటే చారిజార్డ్ రెండోసారి లోపలికి వస్తూనే పడిపోతుంది, ఎవరూ కొట్టనక్కర్లేదు. నీ టీమ్‌లో ఆ రాళ్లని తుడిచే మూవ్ ఉన్నట్టు నువ్వెక్కడా రాయలేదు.

దీనికంటే విచిత్రమైంది టైరానిటార్, డ్రాగనైట్‌ల కాపురం. టైరానిటార్ అడుగుపెట్టగానే ఇసుక తుఫాను లేస్తుంది. ఆ ఇసుక ప్రతి టర్నుకీ పదహారో వంతు ప్రాణం తీస్తుంది. డ్రాగనైట్ ప్రాణం ఆ కాస్త తగ్గినా మల్టీస్కేల్ పోయినట్టే. నీ టీమ్‌లోని ఒక మంచి పోకెమాన్ ఇంకో మంచి పోకెమాన్‌కి ఉన్న అసలు బలాన్ని తీసేస్తోంది. ఇది మీ బావ చేసింది కాదు.

ఇంకొక్క లెక్క చూసి ఈ పోస్ట్‌మార్టం ఆపేస్తాను. చారిజార్డ్ తప్ప నీవన్నీ ఫిజికల్ దెబ్బలు (అటాక్ స్టాట్‌తో లెక్కయ్యేవి; స్పెషల్ దెబ్బలు స్పెషల్ అటాక్‌తో) కొట్టేవే. ఒక్క కార్విక్‌నైట్ గట్టిగా నిలబడితే, లేదా ఎవరైనా విల్ ఓ విస్ప్‌తో కాల్చి మంట పెడితే, ఫిజికల్ దెబ్బలు సగమైపోతాయి. ఎదుటివాడు ఒకే గోడ కట్టి నీ ఐదింటినీ ఆపొచ్చు. ఫెయిరీ దెబ్బ నీ ఆరింట్లో నాలుగింటికి రెట్టింపు తగులుతుందని కూడా అదే కాగితం చెబుతుంది. ఆ బొమ్మ క్లెఫేబుల్ మూన్‌బ్లాస్ట్ కొడితే ఎందుకంత నొప్పిగా ఉంటుందో ఇప్పుడు తెలిసిందిగా.

బ్యాలెన్స్ అనగానే చాలామంది నిప్పు ఒకటి, నీరు ఒకటి, గడ్డి ఒకటి అని రంగులు నింపేస్తారు. అది చూడటానికి బాగుంటుంది, గెలిపించదు. నేను చూసేవి రెండే విషయాలు. మ్యాచ్ చివర్లో నన్ను గెలిపించేది ఎవరు? దాన్ని ఆపగలిగే ప్రతిదానికీ నా దగ్గర, దెబ్బ తట్టుకుని లోపలికి రాగలిగేది ఎవరున్నారు? రమ్మీలో చేతిలో మూడు జోకర్లున్నా నేచురల్ సీక్వెన్స్ పడకపోతే షో కొట్టలేం కదా. నీ చేతిలో ప్రస్తుతం జోకర్లే ఉన్నాయి.

కాబట్టి గెలిపించేదాన్ని ముందు ఎంచుకుందాం. నీ ఆరింట్లో నా ఓటు డ్రాగనైట్‌కి. డ్రాగన్ డాన్స్, ఎక్స్‌ట్రీమ్ స్పీడ్, ఎర్త్‌క్వేక్, రూస్ట్ (ప్రాణం నింపుకునే మూవ్) ఇవ్వు. చేతికి హెవీ డ్యూటీ బూట్స్ అనే వస్తువు ఇవ్వు. 2019లో వచ్చిన ఎనిమిదో జనరేషన్‌తో ఈ బూట్లు వచ్చాయి, ఇవి వేసుకుంటే స్టెల్త్ రాక్ లాంటివేవీ తగలవు. మల్టీస్కేల్ చెక్కుచెదరకుండా ఉంటుంది. ప్రయారిటీ మూవ్‌లంటే వేగంతో పనిలేకుండా ముందు తగిలేవి. ఎక్స్‌ట్రీమ్ స్పీడ్ ప్రయారిటీ మామూలు ప్రయారిటీ మూవ్‌ల కంటే ఒక మెట్టు ఎక్కువ, కాబట్టి వీవైల్ ఐస్ షార్డ్ కంటే కూడా అదే ముందు తగులుతుంది.

ఇప్పుడు ఈ డ్రాగనైట్‌కి అడ్డొచ్చేవి ఎవరు? మంచు కొట్టేవి, అంటే వీవైల్. బలం పెంచుకున్నా లెక్క చేయని క్లెఫేబుల్. ఎక్స్‌ట్రీమ్ స్పీడ్ అసలు తగలని ఘోస్ట్, అంటే గోల్డెంగో. ఎర్త్‌క్వేక్ తగలని కార్విక్‌నైట్. మిగిలిన ఐదు స్థానాలూ ఈ నలుగురి పని పట్టడానికే.

మొదట సైజర్. పురుగు, ఉక్కు టైపులు. మంచు దెబ్బ దానికి సగమే, ఫెయిరీ దెబ్బా సగమే. వీవైల్ లో కిక్ కొట్టినా మామూలుగానే తగులుతుంది. బుల్లెట్ పంచ్ అని ముందుగా తగిలే ఉక్కు మూవ్ ఉంది, వీవైల్‌కీ క్లెఫేబుల్‌కీ అది రెట్టింపు దెబ్బ. టెక్నీషియన్ ఎబిలిటీ పెడితే దాని బలం 40 నుంచి 60కి పెరుగుతుంది. యూ టర్న్ కూడా ఇవ్వు, కొట్టి వెనక్కి వచ్చేసి ఇంకోదాన్ని పంపొచ్చు. సైజర్‌కి ఉన్న బలహీనత ఒక్కటే, నిప్పు. కానీ అది నాలుగు రెట్లు.

అందుకని దాని పక్కన వాష్ రోటమ్‌ని కూర్చోబెట్టు. వాషింగ్ మెషీన్ ఆకారంలో ఉండే ఆ కరెంటు బొమ్మే. నిప్పుని తట్టుకుంటుంది, మంచుని తట్టుకుంటుంది, లెవిటేట్ ఉండడం వల్ల నేల దెబ్బ దానికి తగలనే తగలదు. దానికి మిగిలిన బలహీనత గడ్డి ఒక్కటే, ఆ గడ్డి దెబ్బ సైజర్‌కి పావు వంతే. అంటే సైజర్‌కి భయమైనది రోటమ్ మింగుతుంది, రోటమ్‌కి భయమైనది సైజర్ మింగుతుంది. సైజర్‌కి యూ టర్న్, రోటమ్‌కి వోల్ట్ స్విచ్. రెండూ కొట్టి తప్పుకునే మూవ్‌లే. ఏళ్ల తరబడి పోటీల్లో ఆడేవాళ్లు ఈ జంటని ఎందుకు వదల్లేదో నాలుగు మ్యాచ్‌లు ఆడితే నీకే తెలుస్తుంది. నేను టీమ్ కట్టడం నేర్పమంటే ఎవరికైనా ముందు ఇలాంటి ఒక జంటని వెతకమంటాను, ఆరింటినీ ఒకేసారి ఎంచుకోమనను. రోటమ్‌కి విల్ ఓ విస్ప్ మాత్రం మర్చిపోకు. మీ బావ వీవైల్, గ్రేట్ టస్క్ రెండూ ఫిజికల్‌గా కొట్టేవే, కాలితే వాటి పని అయిపోయినట్టే. గోల్డెంగోకి మాత్రం అది అంటదు, గుడ్ యాజ్ గోల్డ్ అనే ఎబిలిటీ వల్ల దానిమీద వేసే స్టేటస్ మూవ్‌లేవీ (నేరుగా దెబ్బ కొట్టనివి) పనిచేయవు. గ్యారడాస్ కంటే రోటమ్ చూడటానికి చిన్నది అని తీసిపారెయ్యకు.

నాలుగోది గ్రేట్ టస్క్. ఇది మీ బావ దగ్గర ఉంది కాబట్టి కాపీ అంటాడేమో, అననీ. స్టెల్త్ రాక్, రాపిడ్ స్పిన్, ఎర్త్‌క్వేక్, నాక్ ఆఫ్ (ఎదుటిదాని వస్తువు ఊడగొట్టేది) ఇస్తే రాళ్లు వేసేదీ అదే, మన వైపు రాళ్లు తుడిచేదీ అదే. రాపిడ్ స్పిన్ తగిలితే స్పీడ్ కూడా ఒక మెట్టు పెరుగుతుంది. ఘోస్ట్ టైప్‌కి స్పిన్ తగలదు కాబట్టి గోల్డెంగోని పంపి ఆపాలని చూస్తాడు. వస్తుందని అనిపించిన టర్నులో స్పిన్ మానేసి ఎర్త్‌క్వేక్ కొట్టు, దానికి రెట్టింపు తగులుతుంది. ఒకసారి అలా దెబ్బ తిన్నాడంటే తర్వాత గోల్డెంగోని పంపడానికి ఆలోచిస్తాడు, అప్పుడు హాయిగా స్పిన్ చేసుకోవచ్చు.

ఇక్కడ నీకు బాధ కలిగే మాట ఒకటి చెప్పాలి. గార్చాంప్‌ని పక్కన పెట్టాలి. గార్చాంప్ కూడా రాళ్లు వేయగలదు, కానీ రాపిడ్ స్పిన్ రాదు, పైగా డ్రాగనైట్‌తో కలిపి మంచుకి నాలుగు రెట్లు పడేవి రెండవుతాయి. చెడ్డదని కాదు, ఈ టీమ్‌లో దానికి పని లేదు. డ్రాగనైట్‌ని తీసి గార్చాంప్ చుట్టూ ఇంకో టీమ్ కట్టుకో, అప్పుడది రాజే.

ఐదోది డ్రాగపల్ట్. బేస్ స్పీడ్ 142, వీవైల్ కంటే ముందు కొడుతుంది. దాన్ని స్పెషల్ దెబ్బలతో ఆడించు. షాడో బాల్ గోల్డెంగోకీ స్లోకింగ్‌కీ రెట్టింపు, ఫ్లేమ్‌త్రోయర్ కార్విక్‌నైట్‌కి రెట్టింపు. ఇంతవరకు మన టీమ్‌లో ఫిజికల్ దెబ్బలే ఎక్కువయ్యాయి కదా, ఆ లోటు ఇది తీరుస్తుంది. ఛాయిస్ స్పెక్స్ పెడితే స్పెషల్ అటాక్ ఒకటిన్నర రెట్లవుతుంది, కాకపోతే ఒక మూవ్ నొక్కాక బయటికి వచ్చేదాకా అదే మూవ్‌కి కట్టుబడాలి. స్పీడ్ అంటే బేస్ అంకె ఒక్కటే కాదని కూడా గుర్తుంచుకో. ఛాయిస్ స్కార్ఫ్ వేగాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తుంది, పెరాలిసిస్ ఎదుటివాడి వేగాన్ని సగం చేస్తుంది, ప్రయారిటీ మూవ్‌లకి మామూలు మూవ్‌ల వేగంతో పనే లేదు. ఇందులో కనీసం రెండు దారులైనా ప్రతి టీమ్‌లో ఉండాలి. కొత్త టీమ్‌లో డ్రాగపల్ట్ వేగం, సైజర్ బుల్లెట్ పంచ్, డ్రాగనైట్ ఎక్స్‌ట్రీమ్ స్పీడ్ ఉన్నాయి.

ఇంకో విశేషం చూడు. ఈ ఐదింట్లో స్టెల్త్ రాక్ వల్ల పెద్దగా బాధపడేది ఏదీ లేదు. డ్రాగనైట్‌కి బూట్లున్నాయి, సైజర్‌కి, రోటమ్‌కి, డ్రాగపల్ట్‌కి మామూలు 12.5 శాతమే, గ్రేట్ టస్క్‌కి 3 శాతం చిల్లర. పాత టీమ్‌తో పోల్చుకో.

ఆరో స్థానం కావాలనే ఖాళీ వదిలాను. స్పెషల్ దెబ్బలు తట్టుకునేది ఇంకా రాలేదు. ఓయూలో పైకి ఆడాలనుంటే అక్కడ క్లెఫేబుల్‌నో స్లోకింగ్‌నో పెట్టుకో. స్లోకింగ్‌కి రీజనరేటర్ ఉంటుంది, వెనక్కి పిలిచిన ప్రతిసారీ మూడో వంతు ప్రాణం తిరిగొస్తుంది, స్విచ్‌లు ఎక్కువ చేసే టీమ్‌కి అది వరం. చారిజార్డ్ ప్రాణమన్నావు కదా, ఆ స్థానంలో దాన్నే పెట్టుకున్నా నేను తిట్టను. కాకపోతే బూట్లు దానికీ తప్పనిసరి. అది గోడలా నిలబడుతుందని ఆశపడకు, నీ టీమ్‌కి స్పెషల్ దెబ్బలు తగిలినప్పుడు అడ్డుపడేది లేకుండానే ఆడుతున్నావని తెలిసే ఆడు. ఇష్టమైనదాన్ని ఒకదాన్ని మోయగలిగే టీమ్ కట్టొచ్చు. ఆరింటినీ ఇష్టంతోనే ఎంచుకుంటేనే చిక్కు.

బావ టీమ్‌ని మొత్తంగా కాపీ కొట్టొద్దు. అతని టీమ్ ఓపికగా, నెమ్మదిగా నలిపి గెలిచే టీమ్. మూడుసార్లు డ్రాగన్ డాన్స్ చేసే మనిషివి నువ్వు, యాభై టర్నులు స్లోకింగ్‌ని లోపలికీ బయటికీ తిప్పుతూ కూర్చోగలవా? ఆలోచించుకో.

లెజెండరీల సంగతి చిన్నది. మ్యూటూ, కొరైడాన్, మిరైడాన్ లాంటివాటిని ఓయూలో నిషేధించారు, అవి ఉబర్స్ అనే వేరే ఫార్మాట్‌లో ఆడతాయి. అక్కడ అందరి దగ్గరా అవే ఉంటాయి కాబట్టి నీకు కొత్తగా కలిసొచ్చేదేమీ లేదు.

ఈవీల (స్టాట్స్ పెంచడానికి మనం పంచుకునే పాయింట్లు) గురించి నువ్వు అడగలేదు గానీ, పాత టీమ్‌లో అన్నిటికీ అన్ని స్టాట్స్‌లో తలా కాస్త పంచి ఉంటావని నా అనుమానం. ఒక్కో పోకెమాన్‌కి మొత్తం 510 ఈవీలు, ఒక స్టాట్‌లో గరిష్ఠంగా 252. లెవెల్ 100లో నాలుగు ఈవీలకి ఒక పాయింటు, అంటే 252కి 63 పాయింట్లు. అన్నిటికీ పంచితే ఏదీ కాకుండా పోతుంది. డ్రాగపల్ట్ లాంటిదానికి స్పెషల్ అటాక్‌లో 252, స్పీడ్‌లో 252, మిగిలిన ఆరులో పనికొచ్చే నాలుగు ఎక్కడైనా. రోటమ్‌కి హెచ్‌పీలో (ప్రాణం) ఎక్కువ పెట్టి మిగతాది డిఫెన్స్‌లో. నేచర్ ఒక స్టాట్‌ని పది శాతం పెంచి ఇంకోదాన్ని పది శాతం తగ్గిస్తుంది కాబట్టి, వాడనిదాన్ని తగ్గించే నేచర్ తీసుకో. మొదట్లో ఇంతకు మించి బుర్ర పాడుచేసుకోవద్దు.

స్టోన్ ఎడ్జ్ మీద నీ కోపం న్యాయమే, కానీ గేమ్ మీద కాదు చూపించాల్సింది. అది 80 శాతం తగిలే మూవ్. వరసగా రెండుసార్లు తగలాలంటే 64 శాతమే. ఫోకస్ బ్లాస్ట్ 70, దాన్ని రెండుసార్లు నమ్ముకుంటే సగం మ్యాచ్‌లు పోయినట్టే. గెలుపు మొత్తం ఒక్క స్టోన్ ఎడ్జ్ తగలడం మీద ఆధారపడే పరిస్థితి ఎలా వచ్చిందో వెనక్కి వెళ్లి చూసుకో. షోడౌన్ రీప్లే సేవ్ చేస్తుంది. ఓడిన మ్యాచ్‌ల రీప్లేలు తిరగేసి, ఏ పోకెమాన్ వచ్చినప్పుడు నీ దగ్గర పంపడానికి ఎవరూ లేకపోయారో రాసుకో. ఒకే పేరు మళ్లీ మళ్లీ వస్తే ఆరో స్థానం దానికోసం. అది మీ బావ టీమ్‌లోదే కావాలనేం లేదు, ల్యాడర్‌లో (షోడౌన్ ర్యాంకింగ్ మ్యాచ్‌ల్లో) బయటివాళ్లతో కూడా ఆడు. ఒక్క బావ కోసమే టీమ్ కడితే అతను ఒక పోకెమాన్ మార్చగానే మళ్లీ ఉత్తరం రాస్తావు.

ఆడే పద్ధతిలో ఒక్క మాట. నీ ఉత్తరం చదివితే స్విచ్ చేయడమంటే నీకు ఓడిపోయినంత పని అనిపిస్తున్నట్టుంది. బ్యాలెన్స్ ఉన్న టీమ్ స్విచ్‌ల మీదే బతుకుతుంది. గ్రేట్ టస్క్ ముందు వీవైల్ నిలబడితే గ్రేట్ టస్క్‌ని చావనివ్వకు, సైజర్‌ని పిలువు. టెరా, అంటే పోకెమాన్ టైప్ మార్చే అవకాశం, కూడా అంతే, మ్యాచ్‌లో ఒక్కసారే దొరుకుతుంది, దొరికింది కదా అని రెండో టర్నులోనే వాడెయ్యకు. డ్రాగనైట్‌కి నార్మల్ టెరా పెట్టి దాచుకో. వాడిన క్షణం నుంచి మంచు భయం పోతుంది, ఎక్స్‌ట్రీమ్ స్పీడ్ బలం ఒకటిన్నర రెట్లవుతుంది. చివర్లో ఎదుటివైపు అలసిపోయిన రెండు మూడు మిగిలినప్పుడు అది చాలు. గోల్డెంగో బతికుంటే మాత్రం తొందరపడకు, దానికి ఎక్స్‌ట్రీమ్ స్పీడ్ తగలదని చెప్పుకున్నాం కదా. ముందు డ్రాగపల్ట్‌తోనో గ్రేట్ టస్క్‌తోనో దాన్ని దించు.

డబుల్స్ గురించి. మీ బావ అడిగింది అధికారిక పోటీల పద్ధతి అయితే అక్కడ ఆరింటిని తీసుకెళ్లి నాలుగింటినే ఆడిస్తారు, అందరూ లెవెల్ 50లో ఉంటారు, ఒకే వస్తువు రెండింటికి ఇవ్వకూడదు. బూట్లు ఒకదానికే. సింగిల్స్‌లో నేర్చుకున్న టైప్ లెక్కలు పనికొస్తాయి, మిగతాది దాదాపు కొత్త ఆట. స్టెల్త్ రాక్‌కి అక్కడ పెద్ద విలువ లేదు, మ్యాచ్ అంత సేపు సాగదు. ఆ టర్నుకి దెబ్బలు ఆపే ప్రొటెక్ట్ మాత్రం చాలావాటికి తప్పదు. మొదటి టర్నులో ఎదుటిదాన్ని కదలనివ్వని ఫేక్ ఔట్, నాలుగు టర్నులు మన వైపు వేగం రెట్టింపు చేసే టెయిల్‌విండ్, ఐదు టర్నులు నెమ్మదైనవాటినే ముందు కదిలించే ట్రిక్ రూమ్, ఇవి అక్కడ రాజ్యమేలతాయి. ఇన్‌సినరోర్‌ని అక్కడ పదే పదే చూస్తావు. లోపలికి వస్తూనే ఇంటిమిడేట్‌తో ఎదుటి రెండింటి అటాక్‌నీ ఒక మెట్టు దించుతుంది, ఫేక్ ఔట్ వేస్తుంది. దాని వేగం 60 మాత్రమే, ఎవరూ పట్టించుకోరు.

చిన్న పోకెమాన్‌ని చూసి నవ్వే అలవాటు డబుల్స్‌కి వెళ్లేలోపు మానుకుంటే మంచిది. 2014లో వాషింగ్టన్ డీసీలో జరిగిన ప్రపంచ పోటీల్లో దక్షిణ కొరియాకి చెందిన సే జున్ పార్క్ పాచిరిసుతో ఛాంపియన్ అయ్యాడు. పాచిరిసు అంటే ఉడత, బేస్ స్టాట్స్ మొత్తం 405. నీ గార్చాంప్ కంటే దాదాపు 200 తక్కువ. అది చేసిన పని ఫాలో మీ వేసి ఎదుటివాళ్ల దెబ్బలన్నీ తనవైపు లాక్కోవడం. ఆ సందులో పక్కనున్న మెగా గ్యారడాస్ (పోరులో రూపం మారి బలం పెరిగిన గ్యారడాస్) తన పని చేసుకుపోయేది. ఎదుటివాళ్ల దగ్గర ఏముంటాయో ముందే ఊహించి, ఆ దెబ్బలకి ఏది ఆగుతుందో లెక్కకట్టి ఆ ఉడతని తెచ్చాడతను. నీ గ్యారడాస్‌ని సింగిల్స్‌లో వదులుకోవాల్సి వచ్చిందని బాధపడకు, డబుల్స్‌లో పక్కన దాన్ని కాపాడేది ఒకటి పెట్టి మళ్లీ ప్రయత్నించొచ్చు.

మొదటి డబుల్స్ మ్యాచ్‌లో ఎర్త్‌క్వేక్ నొక్కేముందు మాత్రం మీ వైపు రెండో పోకెమాన్ ఏదో చూసుకో. అది పక్కనున్న మనవాళ్లకి కూడా తగులుతుంది. ఎగిరేదో, లెవిటేట్ ఉన్నదో పక్కన ఉంటే సరే, లేదంటే దాన్ని ప్రొటెక్ట్‌లో పెట్టి అప్పుడు కొట్టు.